పేషెంటు వద్దంటున్నాడు: తెలిసి అంటున్నాడా, తెలియక అంటున్నాడా?

వార్డు నుంచి డ్యూటీ డాక్టర్‌కి వచ్చే ఫోన్లలో ఇదొక రకం: "సార్, ఆ మూల బెడ్డు ముసలాయన ఆపరేషన్ వద్దంటున్నాడు, ఎంత చెప్పినా వినట్లేదు, సైకియాట్రీ రిఫరెన్స్ పెట్టేయమంటారా?" అదే వార్డులో పక్క బెడ్డాయన ఏమీ అడక్కుండా, తనకి చేసేది ఏ ఆపరేషనో కూడా సరిగ్గా తెలియకుండా ఫారం మీద వేలిముద్ర వేసేసి ఉంటాడు. ఆయన గురించి మాత్రం ఎవరూ ఫోన్ చెయ్యరు. అంటే మన లెక్కలో సరేనన్నవాడికి బుర్ర ఉన్నట్టు, వద్దన్నవాడికి లేనట్టు. ఈ లెక్క మొదట్లోనే తప్పు. పేషెంటు మనతో ఏకీభవించాడా లేదా అన్నది కాదు చూడాల్సింది, ఆ నిర్ణయానికి ఆయన ఏ దారిలో వచ్చాడన్నది. ఇద్దరినీ ఒకేలా అడగాలి.

ఇది హౌస్ సర్జన్లకీ, పీజీలకీ, సిస్టర్లకీ రాస్తున్నాను. మన వైజాగ్ పెద్దాసుపత్రుల్లో బెడ్డు మీదున్న మనిషి ఇచ్ఛాపురం నుంచి వచ్చి ఉండొచ్చు, పాడేరు కొండల మీంచి వచ్చి ఉండొచ్చు, మల్కనగిరి నుంచి రాత్రంతా జీపులో వచ్చి ఉండొచ్చు, లేదా ఎంవీపీ కాలనీలో రిటైర్ అయిన ప్రొఫెసర్ అయ్యుండొచ్చు. నలుగురికీ అడగాల్సిన ప్రశ్నలు ఒకటే, అడిగే పద్ధతి మాత్రం ఒకటి కాదు.

చట్టం ఎంతవరకు తెలిస్తే చాలు

ఎక్కువ అక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి మనిషికీ సామర్థ్యం, అంటే తన వైద్యం గురించి తానే తేల్చుకోగల శక్తి (మన వార్డు భాషలో కెపాసిటీ), ఉందనే మొదలుపెట్టాలి. లేదని చూపించాల్సిన బాధ్యత మనది, ఉందని నిరూపించుకోవాల్సిన పని ఆయనది కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని సెక్షన్ 4లో ఉన్న కొలబద్ద ఏమిటంటే, చెప్పిన సమాచారం అర్థం చేసుకోగలగడం, నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో తీసుకోకపోతే ఏమవుతుందో గ్రహించగలగడం, మాటతోనో సైగతోనో ఇంకెలాగో తన నిర్ణయాన్ని తెలియజేయగలగడం. చిత్రమేమిటంటే ఆ చట్టంలో ఈ మూడింటి మధ్య "మరియు" లేదు, "లేదా" ఉంది. అక్షరాలా చదివితే ఏ ఒక్కటి ఉన్నా చాలన్నట్టే, దాని మీద సైకియాట్రిస్టులు చాలానే వాదించుకున్నారు. అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది, అది గోడ మీద అంటించుకోవాల్సింది: ఒక మనిషి తీసుకున్న నిర్ణయం ఇతరులకు తప్పుగానో, సరికానిదిగానో అనిపించినంత మాత్రాన అతనికి సామర్థ్యం లేదని అర్థం కాదు.

ఈ చట్టం మానసిక వైద్యం కోసం రాసింది, కాలు తీసే ఆపరేషన్ కోసం కాదు. కానీ కొలబద్ద పనికొస్తుంది, వాడుకోండి. మామూలు ఆపరేషన్ల కన్సెంట్ గురించి మాత్రం సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చాలా స్పష్టంగా చెప్పింది. లాపరోస్కోపీ (పొట్టలోకి కెమెరా గొట్టం పెట్టి చూసే) పరీక్షకి మాత్రమే ఒప్పుకుని మత్తులో ఉన్న మహిళకి, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. ఆ కన్సెంట్ చెల్లదంది కోర్టు. ఆమె మేజరు, మత్తు కాసేపటికి దిగిపోయేది, ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కూడా కాదు, లేచాక ఆమెనే అడిగితే సరిపోయేది. "ఆపరేషన్ చేయించుకునేది ఒకరు, సంతకం పెట్టేది ఇంకొకరు" అన్న మన వార్డుల అలవాటుకి ఇంతకన్నా సూటి జవాబు ఉండదు. నిజం చెప్పాలంటే 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఆ వాక్యం రాసిన తీరు కూడా మనల్ని తప్పుదోవ పట్టించేలాగే ఉంది, అందులో భర్తో భార్యో ముందు, పేషెంటు చివర. గర్భస్రావం విషయంలోనైతే మేజరైన మహిళ మానసిక అనారోగ్యం లేనప్పుడు ఆమె ఒక్కరి ఒప్పుదల చాలని 1971 చట్టమే చెబుతోంది, అయినా భర్త సంతకం కోసం ఆపేసే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి.

అడగడానికి ముందు చెయ్యాల్సినవి

సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి, అందుకే తొందరపడొద్దు.

మొట్టమొదట, ఏ నిర్ణయం గురించి అడుగుతున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి. "పేషెంటుకి కెపాసిటీ ఉందా" అన్నది ప్రశ్నే కాదు. "ఈరోజు, మోకాలి కింద కాలు తీసే ఆపరేషన్ కావాలో వద్దో ఈయన తేల్చుకోగలడా" అన్నది ప్రశ్న. సెలైన్ పెట్టించుకోవాలా వద్దా అని తేల్చుకోగలిగే మనిషి గుండె బైపాస్ గురించి తేల్చుకోలేకపోవచ్చు. ఉదయం తేల్చుకోగలిగిన మనిషి సాయంత్రానికి ఎవరినీ గుర్తుపట్టకపోవచ్చు. అందుకే పేషెంటు మీద శాశ్వతంగా ముద్ర వేసేసే మాటలు కేస్ షీటులో రాయకండి.

తర్వాత శరీరం సంగతి చూడండి. షుగర్ ఎంత, ఆక్సిజన్ ఎంత, జ్వరం ఉందా, సోడియం రిపోర్ట్ వచ్చిందా. మూత్రం బిగబట్టిపోయి పొట్ట ఉబ్బి ఉంటే ముసలివాళ్లు ఒక్కోసారి పూర్తిగా అయోమయంలో పడిపోతారు, కెథెటర్ వేయగానే మనుషులవుతారు. మందుల చార్ట్ వెనక్కి తిప్పండి: రాత్రి నిద్ర పట్టట్లేదని ఫెనెర్గాన్ ఇచ్చారా, దురదకి ఎవిల్ పొడిచారా, నొప్పికి ట్రమడాల్ ఎంత వెళ్లింది, స్కానింగ్ కోసం మిడజోలం ఇచ్చి ఎంతసేపయింది. మత్తు సూది ఇచ్చిన గంటకి వెళ్లి "ఈయన మాట్లాడట్లేదు, కెపాసిటీ లేదు" అని రాస్తే అది పేషెంటు గురించి రాసినట్టు కాదు, మన సూది గురించి రాసినట్టు.

అక్కడితో అవ్వలేదు. కళ్లద్దాలు ఉన్నాయా? చెవిటి మెషిన్ ఇంట్లో వదిలేసి వచ్చారా? కట్టుడు పళ్లు తీసేసి డబ్బాలో పెట్టారా? పక్క బెడ్డు దగ్గర గోల ఉంటే స్ట్రెచర్ మీద ఖాళీ గదికి తీసుకెళ్లండి, అదీ కుదరకపోతే కనీసం స్క్రీన్ అడ్డం పెట్టి, స్టూలు లాక్కుని కూర్చోండి. నిలబడి మాట్లాడే డాక్టర్‌కి ముసలివాళ్లు "ఊఁ" తప్ప ఇంకేం చెప్పరు. మా అనుభవంలో ఉదయం టిఫిన్ అయ్యాక, రౌండ్స్ హడావిడి తగ్గాక మాట్లాడితే మంచిది. సందె వేళ వద్దు, డెలీరియం (ఒంట్లో జబ్బు వల్లో మందుల వల్లో హఠాత్తుగా వచ్చే అయోమయం) ఉన్నవాళ్లకి అప్పుడే ముదురుతుంది.

భాష. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చినవాళ్లలో ఆదివాసీ ఒడియా, కువి మాట్లాడేవాళ్లు ఉంటారు, తెలుగు అర్థమైనట్టు తలూపుతారు కానీ సంతలో బేరానికి సరిపోయే తెలుగు ఆపరేషన్ సంగతికి సరిపోదు. కూడా వచ్చిన బావమరిది అనువాదం చేస్తానంటాడు, మీరు నాలుగు నిమిషాలు చెప్పింది ఆయన నాలుగు మాటల్లో చెప్పి "ఒప్పుకున్నాడు సార్" అంటాడు. అలా కాదు. అదే భాష వచ్చిన సిస్టరో, వార్డు బాయో, ఆ ఊరి ఆశా కార్యకర్తో ఎవరైనా దొరుకుతారేమో చూడండి, ఫోన్లో అయినా పర్లేదు. ఒక్కో వాక్యం చెప్పి ఆపి, పేషెంటు ఏమన్నాడో అదే మాటల్లో తిరిగి చెప్పమనండి.

చివరగా, దృష్టి నిలుస్తోందో లేదో ఒక చిన్న పరీక్ష. నెలల పేర్లు వెనక్కి చెప్పమనడం పుస్తకాల్లో ఉంటుంది కానీ బడికి వెళ్లని మనిషికి జనవరి ఫిబ్రవరి ముందుకే రావు, ఇక వెనక్కెలా వస్తాయి. వారాల పేర్లు ఆదివారం నుంచి వెనక్కి చెప్పమనండి, లేదా ఇరవై నుంచి వెనక్కి లెక్కపెట్టమనండి. మధ్యలో దారి తప్పిపోతూ, మీ ప్రశ్న మర్చిపోతూ, గోడ మీద ఏదో చూస్తూ ఉంటే డెలీరియం అనుమానించండి, కారణం వెతకండి, నిర్ణయం ఆగగలిగేదైతే ఆపండి. ఇక ఎంఎంఎస్ఈ (జ్ఞాపకశక్తి, దృష్టి చూసే చిన్న ప్రశ్నల పరీక్ష) స్కోరు చూసి కెపాసిటీ తేల్చేసే అలవాటు ఒకటుంది. ఆ స్కోరు బాగా తక్కువుంటే అనుమానం పెరుగుతుంది, బాగా ఎక్కువుంటే తగ్గుతుంది, అంతవరకే. చదువు లేనివాళ్లకి ఎలాగూ మార్కులు తగ్గుతాయి. మతిమరుపు మొదలైన మనిషి కూడా "నాకు ట్యూబు వద్దు" అన్న విషయం పూర్తిగా తెలిసే చెప్పొచ్చు.

అసలు మాటలు

మనస్తత్వవేత్త గ్రిస్సో, సైకియాట్రిస్టు ఆపెల్‌బామ్ చెప్పిన నాలుగు అంశాలే చాలా చోట్ల వాడతారు: అర్థం చేసుకోవడం, అది తనకే వర్తిస్తుందని ఒప్పుకోవడం, బేరీజు వేసుకోవడం, ఒక నిర్ణయం చెప్పడం. పేర్లు బట్టీ పట్టక్కర్లేదు, ఒక కేసు మీద చూద్దాం. ఇది ఎవరో ఒక్కరి కథ కాదు, మన సర్జరీ వార్డుల్లో ఎప్పుడూ కనిపించే రకం.

జాలరిపేట వైపు పెద్దాయన, అరవై దాటాయి, పదిహేనేళ్లుగా షుగర్, ఎడం కాలు పాదం నల్లబడి చీము పట్టి వాసన వస్తోంది, జ్వరం. మోకాలి కింద తీసేయాలన్నారు. వద్దంటున్నాడు.

ముందు చెప్పండి, ఆ తర్వాతే అడగండి. చెప్పేటప్పుడు "గ్యాంగ్రీన్", "సెప్సిస్" వద్దు. "మీ కాలు ఇక్కడిదాకా చచ్చిపోయింది, నెత్తురు వెళ్లట్లేదు. చీము ఒంట్లోకి పాకుతోంది, జ్వరం అందుకే. ఇక్కడికి తీసేస్తే ఆ చీము ఆగుతుంది, బతికే అవకాశం బాగా ఉంటుంది, ఆర్నెల్లలో కట్టుడు కాలుతో నడవొచ్చు. ఆపరేషన్‌లో కూడా ప్రమాదం ఉంది, మీ గుండె కొంచెం వీక్. తీయకుండా మందులిచ్చి, కుళ్లిన ముక్కలు మాత్రం తీసి కట్టు కడుతూ చూడొచ్చు, కానీ అలా చేస్తే రోజుల్లోనో వారాల్లోనో ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువ." జబ్బేంటి, ఏం చేస్తాం, లాభమేంటి, ప్రమాదమేంటి, ఇంకో దారి ఉందా, ఏమీ చేయకపోతే ఏమిటి. ఈ ఆరూ చెప్పకుండా పేషెంటుకి అర్థం కాలేదంటే ఆ తప్పు ఆయనది కాదు. రెండు నిమిషాలకోసారి ఆగండి.

ఇప్పుడు "అర్థమైందా?" అని మాత్రం అడక్కండి. అవుననే అంటాడు, మన దేశంలో డాక్టర్‌కి అర్థం కాలేదని చెప్పే పేషెంటు అరుదు. "సాయంత్రం మీ ఆవిడ వచ్చి డాక్టరు ఏమన్నాడని అడిగితే ఏం చెప్తారు?" అని అడగండి. "కాలు కుల్లిపోనాదంట, కొయ్యకపోతే సచ్చిపోతానంట" అన్నాడనుకోండి, విషయం బుర్రకెక్కింది. పదాలు పొందిగ్గా లేకపోయినా ఫర్వాలేదు. సగమే చెబితే మిగతా సగం మళ్లీ చెప్పి మళ్లీ అడగండి, మూడోసారికి కూడా నిలవకపోతే అప్పుడు రాసుకోండి.

రెండోది చాలామంది వదిలేస్తారు, అసలు మెలిక అక్కడే ఉంది. అప్పజెప్పడం వేరు, నమ్మడం వేరు. "డాక్టర్లు అలాగే అంటారు" అని నవ్వేసే మనిషి పాఠం అప్పజెప్పాడు, తనకి జరుగుతుందని ఒప్పుకోలేదు. "మీ కాలు సంగతి మీరేమనుకుంటున్నారు? మీకు ఇలా జరగదనిపిస్తోందా? ఎందుకు?" అని అడగండి. "మా అన్నకీ ఇలాగే సెప్పేరు, పసరు కట్టుకున్నాడు, తగ్గిపోయింది" అంటే అది ఒక కారణం. తప్పు కావచ్చు కానీ లోకంలో ఉన్న కారణమే. అన్నకి వచ్చింది పుండు, మీది కాలంతా నెత్తురు ఆగిపోవడం అని తేడా చూపించండి, ఫోటో చూపించండి, నెత్తురు పారే శబ్దం వినిపించే డాప్లర్ మెషిన్‌లో ఏమీ రాకపోవడం వినిపించండి. "ఈ కాలు నాది కాదు, రాత్రి ఎవరో మార్చేశారు" అంటే అది వేరే దారి.

మూడోది, ఎందుకు. ఇక్కడ నోరు మూసుకుని వినడం నేర్చుకోవాలి. "కాలు తీసేత్తే నాను బోటెక్కలేను బాబూ. ఇంట్లో కూకుని కోడలి సేతి కూడు తినే కన్నా ఉన్నన్నాళ్లు ఉండి ఎల్లిపోతాను." ఇది విని మీకు బాధ కలగొచ్చు, కోపం కూడా రావొచ్చు. కానీ ఇందులో తెలివి తక్కువేమీ లేదు. రెండు దారులూ చూశాడు, ఏది తనకి ముఖ్యమో చెప్పాడు, ఆ ముఖ్యమైనది ఈరోజు పుట్టుకొచ్చింది కాదు, జీవితమంతా సముద్రం మీద బతికిన మనిషి. అయితే ఇక్కడే ఇంకో పని కూడా ఉంది: ఆ కారణంలో మనం సరిచేయగలిగింది ఏమైనా ఉందా? కట్టుడు కాలుకి డబ్బవుతుందని భయమా, ఆరోగ్యశ్రీలో వస్తుందో రాదో తెలియకనా? ఇప్పుడు దాని పేరు మారినా జనం నోట్లో అదే ఉంది. ఆసుపత్రిలో ఆ పథకం సంగతులు చూసే మిత్ర డెస్క్‌లో ఉన్నవాళ్లని పిలిపించి లెక్క చెప్పించండి. కట్టుడు కాలుతో నడుస్తున్న ఇంకో పేషెంటు ఓపీకి వస్తే ఆయనతో మాట్లాడించండి. చాలాసార్లు "వద్దు" వెనకాల ఉండేది డబ్బో, కూతురి పెళ్లి ముహూర్తమో, పక్క బెడ్డాయన చెప్పిన భయంకరమైన కథో. అది తీరితే నిర్ణయం దానంతటదే మారుతుంది. బలవంతం చేసి మార్చడం, బెదిరించి మార్చడం మాత్రం కెపాసిటీ చూడటం కాదు.

నాలుగోది, నిర్ణయం నిలకడగా ఉందా. కొన్ని గంటల తర్వాతో, మర్నాడు పొద్దున్నో మళ్లీ అడగండి. మనసు మార్చుకోవడం తప్పు కాదు, కారణం చెప్పగలిగితే చాలు. గంటకో మాట, కారణం లేకుండా మారుతుంటే అప్పుడు ఆలోచించాలి.

కాలు తీయడం వద్దన్న మనిషి గురించి ఇంగ్లండ్‌లో ఒక పాత కేసుంది, 1990ల మొదట్లోది. స్కిజోఫ్రీనియాతో బ్రాడ్‌మూర్ సెక్యూర్ ఆసుపత్రిలో ఉన్న అరవై ఎనిమిదేళ్ల మనిషి, తానో పెద్ద డాక్టర్‌నని భ్రమ కూడా ఉండేది, గ్యాంగ్రీన్ కాలు తీయొద్దన్నాడు. తీయకపోతే బతికే అవకాశం నూటికి పదిహేనే అన్నారు డాక్టర్లు. ఆయన చెప్పింది విన్నాడు, నమ్మాడు, తూచుకున్నాడు, కాబట్టి వద్దనే హక్కు ఉందని కోర్టు తేల్చింది. ఆయన బతికాడు కూడా. బతికాడు కాబట్టి తీర్పు సరైనదని కాదు, చనిపోయి ఉన్నా తీర్పు సరైనదే. సైకియాట్రీ డయాగ్నసిస్ ఉంది కాబట్టి కెపాసిటీ లేదని రాసేసే వాళ్లు ఈ కేసు ఒకసారి చదవాలి. 2017 నాటి మన చట్టం కూడా ఇదే మాట అంటుంది, మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన మతి స్థిమితం లేనివాడిగా లెక్కేయకూడదని.

నమ్మకమా, భ్రమా

సింహాచలం అప్పన్నకి మొక్కుకున్నాను, చందనోత్సవం అయ్యాకే ఆపరేషన్ అంటారు. విరిగిన చెయ్యికి నాటు కట్టు చాలంటారు. ఒంటి మీద పొక్కులొస్తే అమ్మవారంటారు. యెహోవా సాక్షులైతే రక్తం వద్దంటారు. ఇవేవీ కెపాసిటీ లేకపోవడం కాదు. ఆ నమ్మకం పదిమందితో కలిసి నమ్మేదా, ఈ జబ్బుకి ముందు నుంచీ ఉన్నదా, దాని వల్ల వచ్చే నష్టం తెలిసే అంటున్నాడా అని చూడండి.

భ్రమ అని రాసే ముందు ఒక్కసారి విచారించండి కూడా. "మా తమ్ముడు డాక్టర్లకి డబ్బులిచ్చి నన్ను చంపిద్దామని చూస్తున్నాడు" అన్న మాట వినగానే పారనోయా (లేనిపోని అనుమానపు జబ్బు) అని రాసేయబుద్ధి అవుతుంది. కానీ ఆనందపురం, భీమిలి వైపు ఎకరం రేటు తెలిసిన ఎవరికైనా, అన్నదమ్ముల మధ్య స్థలం గొడవ ఉందేమో అన్న అనుమానం ముందు వస్తుంది. తమ్ముడు నిజంగానే కోర్టులో కేసు నడుపుతుంటే, పేషెంటు భయం కాస్త అతి కావచ్చు, పిచ్చి మాత్రం కాదు. ఆ తమ్ముడితో సంతకం పెట్టించుకోవడం ఇంకా పెద్ద ప్రమాదం.

"మీ ఇష్టం బాబూ"

ఈ మాట వినని రోజు ఉండదు. పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, "నాకేం తెలుసు బాబూ, మీరెలాగంటే అలాగే, మా అబ్బాయిని అడగండి" అంటారు. నిర్ణయం ఇంకొకరికి వదిలేయడం కూడా ఒక నిర్ణయమే, దాన్ని గౌరవించొచ్చు. కానీ ఏం వదిలేస్తున్నారో తెలిసి వదిలేయాలి. "సరేనమ్మా, అబ్బాయినే అడుగుతాను. అయితే రొమ్ము మొత్తం తీసేయాల్సి రావొచ్చు, అది కూడా అబ్బాయి చెప్పినట్టే చేసేయమంటారా?" అని ఒక్క ప్రశ్న అడగండి. అప్పటిదాకా గడ్డ ఒక్కటే తీస్తారనుకున్న మనిషి లేచి కూర్చుంటుంది. కొడుకు ముందు నోరు మెదపని తల్లి, కొడుకు టీకి వెళ్లినప్పుడు పది ప్రశ్నలు అడుగుతుంది. కాబట్టి ఆయన్ని టీకి పంపండి.

అటెండర్ల, అంటే పేషెంటు కూడా వచ్చిన ఇంట్లోవాళ్ల సంగతి ఇంతే. వాళ్లని దూరం పెట్టమని కాదు, మన ఊళ్లలో పెద్ద నిర్ణయాలు నలుగురూ కూర్చునే తీసుకుంటారు, పేషెంటుకి అదే కావాలంటే అలాగే కానివ్వండి. కానీ వాళ్ల దగ్గర తీసుకోవాల్సింది సమాచారం: ఇంతకుముందు ఎలా ఉండేవారు, మర్చిపోవడం ఎప్పట్నుంచి, తాగుడు అలవాటుందా, ఇలాంటి వైద్యం గురించి ఎప్పుడైనా ఏమన్నారు. క్యాన్సర్ అని అమ్మకి చెప్పొద్దు సార్, తట్టుకోలేదు అంటారు. అమ్మనే అడగండి: "రిపోర్టులన్నీ మీకు వివరంగా చెప్పమంటారా, లేక ఇంట్లోవాళ్లకి చెప్పమంటారా?" ఆవిడ ఏమంటే అది.

మెలిక పడే కేసులు

ఉద్దానం నుంచి వచ్చే కిడ్నీ పేషెంట్లు. డయాలసిస్ వద్దంటారు, ఇంటికి తీసుకెళ్లిపోమంటారు. ఇందులో మూడు సంగతులు కలగాపులగంగా ఉంటాయి. యూరియా పెరిగి బుర్ర మసకబారి ఉండొచ్చు, దాన్ని తేల్చాలంటే చేయాల్సింది డయాలసిసే, వద్దంటున్నది కూడా దాన్నే. డిప్రెషన్ ఉండొచ్చు: "నేను పోతేనే అందరికీ సుఖం" అన్న మాట వినబడితే ఆగండి, నిద్ర, ఆకలి, పాపభావన అడగండి, సైకియాట్రీ వాళ్లని ఇక్కడ తప్పకుండా పిలవండి. లేదా ఊళ్లో పదిమంది డయాలసిస్ మీద ఎలా బతికారో, ఎలా పోయారో కళ్లారా చూసి, వారానికి రెండు మూడుసార్లు ఆ ప్రయాణం నాకొద్దని చల్లగా తేల్చుకున్న మనిషి అయ్యుండొచ్చు. ఆ మూడో మనిషికి ఈ జబ్బు గురించి మనకన్నా ఎక్కువే తెలుసు. మొదటి రకమని అనుమానముంటే, నాలుగు సెషన్లు చేసి బుర్ర తేటపడ్డాక మళ్లీ అడుగుతాం, అప్పుడూ వద్దంటే ఆపేస్తాం అని ఒప్పందం చేసుకోవడం నాకు నచ్చే పద్ధతి. ఆ మాట నిలబెట్టుకోవాలి మరి.

తాగుడు మానేసి రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఉన్నవాళ్లు: చేతులు వణుకుతూ, చెమటలు పడుతూ, పక్క మీద చీమలు ఏరుతూ "నన్నొదిలేయండి, పోతాను" అంటారు. ఇది విత్‌డ్రాయల్ డెలీరియం, ఇంటికి పంపే "వద్దు" కాదు, వైద్యం చేయాల్సిన "వద్దు".

పురుగుల మందు తాగి వచ్చినవాళ్లు ఇంకా జాగ్రత్త. ఒకటి, విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కువైతే అదే మనిషిని అయోమయంలో పడేస్తుంది, గుడ్డలు లాక్కుంటారు, లేచి వెళ్లిపోబోతారు. రెండు, మర్నాటికి బాగున్నట్టు కనిపించి ఇంటికెళ్తామని అటెండర్లే గొడవ చేస్తారు, కానీ ఒకటి నుంచి నాలుగు రోజుల్లో ఊపిరి కండరాలు చచ్చుబడే ప్రమాదం ఉంది, ఆ సంగతి ఎవరికీ తెలిసి ఉండదు, చెప్పాలి. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 115 చెబుతోంది, "పోలీస్ కేసవుతుంది, తీసుకెళ్లిపోతాం" అనే వాళ్లకి ఆ మాట చెప్పండి.

పక్షవాతంతో మాట పోయినవాళ్లని మాట రాదు కాబట్టి కెపాసిటీ లేదనుకోకండి. తలూపడం నమ్మదగిందో కాదో చూడటానికి ఒకే ప్రశ్న తిరగేసి అడగండి: "మీరు ఆసుపత్రిలో ఉన్నారా?" కాసేపాగి "మీరు ఇంట్లో ఉన్నారా?" రెండింటికీ తలూపితే ఆ తలూపుడు లెక్కలోకి రాదు. బొమ్మలు, చేతి వేళ్లు, రాత, ఏది పనిచేస్తే అది.

హైవే మీద బండి పడి 108లో వచ్చి, మందు వాసనతో, తలకి దెబ్బతో, స్కానింగ్ వద్దు పోతానని అరిచే కుర్రాడి దగ్గర నాలుగు అంశాలూ తీరిగ్గా అడగడం కుదరదు. ప్రమాదం ఎంత పెద్దదైతే అంత గట్టి ఆధారం కావాలి, ఈ కుర్రాడి దగ్గర అది లేదు. ఆపండి, స్కాన్ చేయండి, తేరుకున్నాక మాట్లాడండి.

లేదని తేలితే

ఆగగలిగే నిర్ణయమైతే ఆగండి, సరిచేయగలిగింది సరిచేసి మళ్లీ అడగండి. ఆగలేని ప్రాణాపాయమైతే, ఒప్పుకునే స్థితి లేనప్పుడు, అయినవాళ్లు సమయానికి దొరకనప్పుడు, మంచి ఉద్దేశంతో చేసిన వైద్యానికి చట్టం రక్షణ ఇస్తుంది, పాత ఐపీసీ సెక్షన్ 92, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 30. మానసిక జబ్బు అత్యవసరమైతే 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 94 కింద ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు చికిత్స చేయొచ్చు, నామినేటెడ్ ప్రతినిధి (ఆ చట్టం ప్రకారం పేషెంటు తరఫున మాట్లాడే మనిషి) అందుబాటులో ఉంటే ఆయన ఒప్పుదలతో. మిగతా వైద్యంలో మనం భార్యనో భర్తనో, పెద్ద పిల్లలనో అడుగుతాం. అడిగేటప్పుడు "మీరేం చెయ్యమంటారు" కాదు, "ఆయన బాగుండి ఇక్కడ కూర్చుని ఉంటే ఏమనేవారు" అని అడగండి, జవాబులు మారిపోతాయి. ముందే లివింగ్ విల్ (చెప్పలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో రాసిపెట్టే కాగితం) రాసి పెట్టుకున్నారేమో కనుక్కోండి, 2018లో సుప్రీంకోర్టు దానికి గుర్తింపు ఇచ్చింది, 2023లో పద్ధతి సులువు చేసింది, ఇప్పుడు ఇద్దరు సాక్షులతో నోటరీ ముందో గెజిటెడ్ అధికారి ముందో రాస్తే చాలు. పెద్ద నిర్ణయం తీసుకోలేని మనిషి కూడా తనకి ఎవరి మీద నమ్మకమో చాలాసార్లు చెప్పగలడు. అది అడిగి రాసుకోండి.

సైకియాట్రీ రిఫరెన్స్ ఎప్పుడు? చికిత్స చేస్తున్న డాక్టరే చూడాలి, ఆపరేషన్ గురించి బాగా వివరించగలిగేది ఆయనే కదా. డిప్రెషన్, సైకోసిస్ అనుమానం, లేదా ఇద్దరు డాక్టర్లకి పొంతన కుదరనప్పుడు పిలవండి. పిలిచేటప్పుడు "కెపాసిటీ చూడగలరు" అని కాకుండా ఏ నిర్ణయం, ఏం చెప్పాం, ఏమన్నాడు, మీ అనుమానమేంటి, ఇవి రాయండి.

రాసేటప్పుడు

"లామా (డాక్టర్ వద్దన్నా వెళ్లిపోవడం), రిస్క్ వివరించబడింది" అన్న రబ్బరు స్టాంపు వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. తేదీ, టైము, ఎవరెవరున్నారు, ఏ భాషలో, ఏం చెప్పారు, ఆయన తన మాటల్లో ఏమన్నాడు. ఇలా:

"ఉదయం 10.30. సిస్టర్ సమక్షంలో, కుటుంబాన్ని బయటికి పంపి, తెలుగులో. ఎడమ కాలు మోకాలి కింద తొలగించే ఆపరేషన్ గురించి. ఇప్పుడు జ్వరం లేదు, షుగర్ 168, నిన్న రాత్రి నుంచి మత్తు మందులు లేవు, వారాల పేర్లు వెనక్కి తప్పు లేకుండా చెప్పారు. జబ్బు, ఆపరేషన్, ప్రమాదం, కట్టుతో మందులు, ఏమీ చేయకపోవడం వివరించాం. పేషెంటు: 'కొయ్యకపోతే సచ్చిపోతానంట.' తనకి అలా జరగొచ్చని ఒప్పుకున్నారు. కారణం: సముద్రం మీదికి వెళ్లలేని బతుకు వద్దు. కట్టుడు కాలు, ఖర్చు గురించి చెప్పాక కూడా అదే మాట. నిన్న సాయంత్రం కూడా అదే. ఈ నిర్ణయానికి ప్రస్తుతం సామర్థ్యం ఉందని నా అంచనా. మళ్లీ రేపు ఉదయం చూస్తాం, జ్వరం వస్తే ముందే."

ఆ పెద్దాయన మాటలు ఆయన యాసలోనే కొటేషన్లలో పెట్టండి. దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి "పేషెంట్ రెఫ్యూజెస్" అని రాస్తే మర్నాటి డ్యూటీ డాక్టర్‌కి ఏమీ తెలియదు.

వద్దన్నాడు కదాని వదిలేయొద్దు. ఆపరేషన్ వద్దన్నాడు, నొప్పి మందు వద్దనలేదు, డ్రెస్సింగ్ వద్దనలేదు, యాంటీబయోటిక్ వద్దనలేదు. లామాలో వెళ్లిపోతున్నా చీటీ రాసివ్వండి, రోజు విడిచి రోజు డ్రెస్సింగ్‌కి దగ్గర్లోని పీహెచ్‌సీ ఏదో చెప్పండి, ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే రావాలో ఆయనకీ, ఆవిడకీ ఇద్దరికీ చెప్పండి. మనసు మారితే ఏ రాత్రయినా రావొచ్చు, వార్డులో ఎవరూ తిట్టరని కూడా చెప్పండి, ఆ భయంతోనే తిరిగి రానివాళ్లు ఉన్నారు. వార్డు ఫోన్ నంబరు చీటీ వెనక పెద్ద అంకెలతో రాయండి.